టిక్కెట్ లేని పువ్వులు

మా బావ ఉద్యోగం మనుషుల్ని నమ్మకపోవడం. జీతమిచ్చి మరీ నమ్మొద్దన్నారు కనుక అందులో ఆయన తప్పేమీ లేదు. బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసేవాడు. ఊరి బయట మలుపులో గోడ చాటున నిలబడి, బస్సు దగ్గరికి రాగానే రోడ్డు మధ్యకి వచ్చి చెయ్యెత్తేవాడు. ఎక్కగానే ముందు మొహాలు చూసేవాడు, తర్వాత చేతులు, ఆ తర్వాత వంగి సీట్ల కింద. టిక్కెట్ లేనివాడు కిటికీలోంచి ప్రకృతిని చూస్తాడని ఆయన సిద్ధాంతం. ఆ లెక్కన ప్రకృతిని ప్రేమించేవాళ్లంతా ఆయన దృష్టిలో దొంగలే. మా వీధి పిల్లలు ఆయన్ని చెకింగ్ తాతయ్య అంటారు. పెద్దవాళ్లూ చాటున అదే అంటారు, తాతయ్య తీసేసి.

అక్క బట్టలు కుడుతుంది. ఇంటి ముందుగది ఆమెది. కిటికీ పక్కన మిషను, గోడకి నిలువుటద్దం, కొలతలు తీయడానికి తెర కట్టిన మూల, కుట్టినవి వేలాడేసే ఇనపకడ్డీ, కత్తిరింపు ముక్కలు నిండిన గంప. బావ బస్సులెక్కి దిగుతున్నన్నాళ్లూ ఆ గది అక్క రాజ్యం. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు పని అయిపోయినా లేవకుండా కబుర్లు చెప్పేవాళ్లు. అక్క పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే నవ్వేది. నేను అదే వీధిలో ఉంటాను. పొద్దున కాఫీకి, సాయంత్రం వీధి వార్తలకి అక్కడికే చేరేవాణ్ణి.

తర్వాత బావ రిటైరయ్యాడు.

నాలుగు మంచి మాటలు చెప్పి, చేతిలో ఒక గోడగడియారం పెట్టి ఇంటికి పంపేశారు. ఆ గడియారానికి మేకు ఎక్కడ కొట్టాలా అని ఇల్లంతా చూసి, చివరికి ముందుగదిలో కొట్టాడు. మేకుతో పాటు తానూ అక్కడే దిగబడ్డాడు. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని వచ్చినవాళ్లని వచ్చినట్టు ఆపడం మొదలుపెట్టాడు. కుట్టడానికి ఇచ్చిన ప్రతి బట్టకీ చీటీ ఉండాలన్నాడు. చీటీ చూపిస్తేనే బట్ట గుమ్మం దాటాలన్నాడు. పక్కింటి వదినకి అక్కకి మధ్య ఉన్నది పేరుకే గోడ. ఆవిడ చీటీ ఎక్కడో పడేసుకుందని, కూతురి గౌను ఇవ్వనన్నాడు.

“అన్నయ్యగారూ, నేను మీకు తెలీదా?” అందావిడ.

“తెలియడం వేరమ్మా, చీటీ వేరు,” అన్నాడు బావ.

ఇంకొకామె తెర వెనక కొలతలిస్తుంటే, లోపల ఎంతమంది ఉన్నారో చెప్పమని బయటినుంచి కేకేశాడు. ఆమె మళ్లీ రాలేదు. ఒక్కొక్కరే వెనకవీధిలో కొత్తగా పెట్టిన కుట్టు దుకాణానికి మళ్లారు. మిషను చప్పుడు మధ్యాహ్నానికే ఆగిపోయేది. మా అక్క మనసు కష్టపడితే మాట్లాడదు, కత్తెరకి నూనె పెట్టి తుడుస్తుంది. ఆ రోజుల్లో ఆ కత్తెర అద్దంలా మెరిసిపోయేది.

“గట్టిగా చెప్పొచ్చుగా అక్కా?” అన్నాను.

“ఏమని చెప్పనురా? ఇన్నాళ్లూ రోడ్ల మీద ఎండకి ఎండిన మనిషి. ఇప్పుడిప్పుడే ఇంట్లో కూర్చున్నారు. లేవండి అని ఏ నోటితో అనను? కానీ ఇలాగే సాగితే ఈ గది మూతపడుతుంది. అది మూతపడితే నేనేమైపోతానో నాకే తెలీదు.”

బావమరిది బతకకోరతాడని సామెత. మా బావ చల్లగా బతకాలనే నేనూ కోరుకున్నాను. కాకపోతే ముందుగదిలో కాకుండా పెరట్లో బతకాలని.

గుమ్మడి గింజలు నాటింది అక్కే. పెరట్లో బట్టలారేసే తీగల పక్కన మట్టి తవ్వి, పశువుల ఎరువు కలిపి నాటింది. మొలకలు వచ్చి ఆకులు విప్పుకున్నాయో లేదో, ఎర్రటి పెంకు పురుగులు వాలి వాటిని జల్లెడ చేసేశాయి. ఇంకొకరైతే ఏడ్చేవాళ్లు. అక్క కళ్లు తళుక్కుమన్నాయి. నేరుగా ముందుగదిలోకి వెళ్లి బావ ముందు నిలబడింది.

“ఏమండీ, మన పెరట్లోకి ఎవరెవరో చొరబడి తినిపోతున్నారు. అడిగే నాథుడే లేడు.”

అడిగే నాథుడు కుర్చీలోంచి లేచాడు.

“ఏదైనా మందు కొట్టేస్తే సరి బావా,” అన్నాను నేను.

“మందు కొడితే తప్పు చేసినవాడూ చస్తాడు, చెయ్యనివాడూ చస్తాడు. అది తనిఖీ కాదురా, లాఠీఛార్జి. పట్టుకుంటే ఒక్కొక్కణ్ణే పట్టుకోవాలి,” అన్నాడు బావ. ఆయన జీవితంలో అన్న మంచి మాటల్లో అదొకటని నేనిప్పటికీ ఒప్పుకుంటాను.

అలా పట్టుకోవడం మొదలైంది. పొద్దు పొడిచే వేళకి పెంకు పురుగులు చలికి మొద్దుబారి ఉంటాయని, చప్పున ఎగరలేవని కనిపెట్టాడు. సబ్బునీళ్ల డబ్బా కింద పట్టుకుని, ఒక్కొక్కదాన్నీ వేలితో అందులోకి రాల్చేవాడు. ఆకుల మీద మంచు ఆరకముందే అక్క ఇస్త్రీపెట్టెలోని బొగ్గుల బూడిద జల్లించి పల్చగా చల్లేవాడు. ప్రతి ఆకునీ తిరగేసి అడుగున గుడ్లున్నాయేమో చూసి వేలితో నలిపేవాడు. సీట్ల కింద చూడటానికి వంగీ వంగీ పదును తేలిన నడుము కదా, ఆ పని దానికి కొత్త కాదు. రసం పీల్చే పేనుబంక పడితే వేపనూనెని సబ్బునీళ్లలో గిలక్కొట్టి, ఎండ తగ్గాక ఆకుల అడుగున చల్లాడు. ఆకుల మీద తెల్లటి బూడిద తెగులు కనిపిస్తే, ముదురాకులు తుంచి గాలి ఆడేలా చేసి, పాలల్లో నీళ్లు కలిపి చల్లాడు. పాలల్లో నీళ్లు కలపడం మా పాలవాడికి ఎప్పటినుంచో వచ్చిన విద్యే. దానితో తెగులు కుదురుతుందని మాత్రం వాడికీ తెలియదు.

ఒకరోజు ఎర్రగా, గుండ్రంగా, ఒంటి నిండా నల్లచుక్కలతో ఉన్న అక్షింతల పురుగొకటి దొరికింది. దాన్నీ డబ్బాలో వెయ్యబోయి ఆగాడు. అది పేనుబంకని ఒక్కొక్కటిగా పట్టుకుని నములుతోంది. ఏదీ వదలడం లేదు. ఆకు అడుగుకి కూడా వెళ్లి చూస్తోంది. బావ చాలాసేపు దాన్నే చూశాడు.

“ఇది మన డిపార్టుమెంటేరా,” అన్నాడు గౌరవంగా.

ఆ రోజునుంచీ అక్షింతల పురుగులకి పెరట్లో ఉచిత ప్రవేశం. తీగ పందిరెక్కి పచ్చగా కమ్ముకుంది. ముందుగదిలో కుర్చీ ఖాళీ అయింది. పక్కింటి వదిన మొదట గుమ్మంలోంచి తొంగిచూసింది, తర్వాత అడుగు పెట్టింది, ఆ తర్వాత వీధికంతా చెప్పింది. మిషను మళ్లీ దీపాలు పెట్టే వేళదాకా నడవసాగింది. కత్తెరకి నూనె పెట్టే తీరిక అక్కకి లేదు.

అప్పుడు తీగ పూసింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

గుమ్మడిలో మగ పువ్వులు వేరు, ఆడ పువ్వులు వేరు. ఆడ పువ్వుకి కింద చిన్న ఉండంత పిందె ఉంటుంది. మగ పువ్వుకి ఒట్టి కాడే. ముందు వచ్చేవి మగవే, ఎక్కువ వచ్చేవీ మగవే. బావ ఒక పొద్దున నన్ను పందిరి కిందికి పిలిచి రెండు పువ్వుల్ని వంచి చూపించాడు.

“ఇది చూడు. కింద పిందె ఉంది. అంటే టిక్కెట్ ఉంది. ఇది చూడు. పెద్ద పువ్వు, పచ్చగా నవ్వుతోంది. కింద ఏముంది?”

“కాడ ఉంది బావా.”

“కాడ ఉంటే కాయ వస్తుందా? నీళ్లు తాగుతుంది, ఎరువు తింటుంది, చోటు ఆక్రమిస్తుంది. పైగా మొహాన ఆ నవ్వు. టిక్కెట్ లేనివాళ్లంతా ఇలాగే నవ్వుతారు.”

పుటుక్కున తుంచి బకెట్లో వేశాడు. పందిరంతా తిరిగి మగ పువ్వన్నది లేకుండా చేశాడు. ఆ పొద్దున్నే కాదు, ప్రతి పొద్దునా. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మా బావ. ఇక్కడ కుందేటికి మూడే కాళ్లనడమే కాకుండా నాలుగోది తెంపి మరీ నిరూపిస్తున్నాడు.

పిందెలు పసుపు పచ్చబడి, మెత్తబడి రాలిపోసాగాయి. పండు ఈగ కుడుతోందని బావ అనుమానించాడు. అక్క చేత కత్తిరింపు ముక్కలతో చిన్నచిన్న సంచులు కుట్టించి పిందెలకి తొడిగాడు. పూలపూల గుడ్డల్లో పిందెలు ముద్దుగా ఉన్నాయి. ఆ ముద్దుతోనే రాలిపోయాయి.

“ఇంకొన్నాళ్లు చూస్తా,” అన్నాడు బావ అక్కతో విసుగ్గా. “కాయ నిలవకపోతే ఈ పందిరి పీకేసి, నీ ముందుగది సంగతి చూస్తా. ఈమధ్య అక్కడ చీటీల్లేకుండా ఏదేదో జరిగిపోతోందని తెలుస్తూనే ఉంది.”

ఆయన అటు వెళ్లాక అక్క నన్ను పక్కకి లాగింది.

“మగ పువ్వులు తెంపేస్తుంటే పిందె ఎలా నిలుస్తుందిరా? వాటి పుప్పొడి అంటాలిగా!”

“నీకు తెలిసే చెప్పడం లేదా?”

“మొన్న ఆకుల మీద నీళ్లు పొయ్యొద్దండీ, వేళ్ల దగ్గర పొయ్యండి అన్నాను. అంతే, నీకే అన్నీ తెలుసుగా అని వచ్చి రెండ్రోజులు ముందుగదిలో కూర్చున్నారు. ఇది చెబితే ఇక తోట మొహం చూడరు. చూడకపోతే ఎక్కడికొస్తారు?”

ఎక్కడికొస్తాడో ఇద్దరికీ తెలుసు.

దారి అక్కే కనిపెట్టింది. బావకి ఒక పాత అలవాటుంది. పట్టుకోవడం ఆయన పని, పట్టుకున్నవాణ్ణి ఏం చెయ్యాలన్నది పైవాళ్ల పని. బకెట్ నిండా పువ్వులు తెంపి, “ఇవి పారెయ్,” అని అక్కకిచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి వెళ్లిపోయేవాడు. కడుక్కోవడం కూడా తనిఖీలాగే, వేలు వేలూ విడిగా. ఆ వ్యవధి చాలు అక్కకి. బకెట్లోంచి తాజా మగ పువ్వు తీసి, రేకులు ఒలిచి, లోపలి పుప్పొడి కాడని విచ్చుకున్న ఆడ పువ్వు మధ్యలో మెత్తగా రాసేది. జాకెట్టుకి హుక్కులు కుట్టే వేళ్లకి అదెంత పని. అంతా అయ్యాక బకెట్ ఎరువుగుంటలో బోర్లించి, చేతులు చెంగుకి తుడుచుకుని ముందుగదిలోకి వెళ్లిపోయేది.

పిందెలు నిలిచాయి. నిలిచి, సంచుల్ని చించుకుని పెరిగాయి. బావ ఛాతీ కూడా.

“చూశావా? దొంగల్ని ఏరేస్తే సంసారం ఎలా నిలబడిందో!” అన్నాడు నాతో. నేను చూశానన్నాను. అబద్ధం కాదు, చూస్తున్నానుగా.

ఆయన అంతటితో ఊరుకుంటే బాగుండేది. గుమ్మడికాయల్ని చూడటానికి వీధి వీధంతా వచ్చింది. బావ అందరికీ పాఠం చెప్పాడు. పెంకు పురుగుల సంగతి, బూడిద సంగతి, వేపనూనె సంగతి బాగా చెప్పాడు. చివర్లో గొంతు తగ్గించి పువ్వుల సంగతి చెప్పాడు. అందరికీ అదే గుర్తుండిపోయింది, సులువు కదా. వీధిలో ఎవరి పెరట్లో పందిరి ఉన్నా బావ పొద్దున్నే తనిఖీకి వెళ్లి టిక్కెట్ లేని పువ్వులు తెంపించేవాడు. పక్కింటి వదిన పిందెలు రాలాయి. మూలింటి టీచరమ్మ పిందెలు రాలాయి. మందుల షాపాయన పిందె రాలక ముందే నమ్మకం రాలిపోయి బావని చూడగానే గేటు వేసేసుకున్నాడు.

“మీ ఆయన చెప్పినట్టే చేశామమ్మా,” అన్నారు ఆడవాళ్లు, బట్టలివ్వడానికి వచ్చి. మాటలో కోపం ఉంది. మళ్లీ వెనకవీధి దుకాణం గుర్తొస్తున్నట్టుంది.

అక్క ఒక్కొక్కరినీ తెర వెనక్కి పిలిచింది. భుజం కొలత తీస్తూ చెవిలో చెప్పింది. “ఆయన తెంపుతుంటే తెంపనివ్వండి. వెళ్లాక ఆ పువ్వు తీసి పిందె ఉన్న పువ్వు మీద రాసెయ్యండి. ఆయనకి మాత్రం తెలియనివ్వకండి, మీకు పుణ్యముంటుంది.”

ఆ వారం కొలతలివ్వని ఆడది మా వీధిలో లేదు. బావ ముందు గేటులోంచి బయటికి వెళ్లగానే, వెనక పందిరి కింద ఆ ఇంటావిడ పని మొదలయ్యేది. వీధంతా కాయలు కాశాయి. బావ వీధి మధ్యలో నడుస్తుంటే, ఊరేగింపు లేని లోటు ఒక్కటే. ముందుగది కళకళలాడిపోయింది. ఒక మనిషి తప్పు చేస్తూ ఉండటం వల్ల ఇంతమందికి పని, కాలక్షేపం, కూర దొరకడం నేనెక్కడా చూడలేదు. ప్రభుత్వాల సంగతి వేరు.

ఒకరోజు అక్క చెయ్యి కాలింది. ఇస్త్రీపెట్టె పక్కకి ఒరిగితే పట్టుకోబోయింది, కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది. కట్టు కట్టుకుంది. మర్నాడు పొద్దున బకెట్ ఎడమచేత్తో అందుకుంది. నేను మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. సాయం చెయ్యనా అన్నట్టు చూస్తే, కదలొద్దని కళ్లతోనే చెప్పింది. ఎడమచెయ్యి మాట వినడం లేదు. రేకులు ఒలవడానికే చాలాసేపు పట్టింది. ఒక పువ్వు జారి కిందపడింది, వంగి వెతుక్కుంది. చేతులు కడుక్కునే చప్పుడు ఆగిపోవడం నేనూ గమనించలేదు.

“ఏం చేస్తున్నావు?”

బావ తుండు భుజాన వేసుకుని పందిరి కింద నిలబడి ఉన్నాడు. అక్క చెయ్యి ఆడ పువ్వు దగ్గరే ఆగిపోయింది.

“ఏం లేదండీ, చీమలుంటేనూ...” అంటూ ఎడమచెయ్యి చెంగుకి తుడుచుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకముందే తుడుచుకుంది. వేళ్ల నిండా పసుప్పచ్చని పుప్పొడి.

బతుకంతా దొరికిపోయిన మొహాలే చూసిన మనిషి ఆయన. రెండో ప్రశ్న అవసరం లేకపోయింది. పువ్వు చూశాడు, బకెట్ చూశాడు, నిలిచిన కాయలు చూశాడు.

“దాని పుప్పొడి తగిలితేనే ఇది కాయ అవుతుందా?”

“అవునండీ.”

“రోజూ నువ్వే...?”

“రోజూ.”

“మరి వీధిలో?”

“వాళ్లూ రాస్తున్నారు.”

“అంటే అందరికీ తెలుసా?”

“ఆడవాళ్లందరికీ తెలుసు,” అంది అక్క. నేను కాఫీగ్లాసులోకి చూశాను.

బావ బోర్లించి ఉన్న తొట్టి మీద కూర్చున్నాడు. “నన్ను ఇంత పిచ్చివాణ్ణి చేశారు. ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదా?”

“చెబితే తోట మానేసి మళ్లీ ముందుగదిలోకి వస్తారని భయం వేసిందండీ.”

అనేసింది. ఇన్నాళ్లూ అననిది అలా పడిపోయింది బయటికి. నేను గబగబా, “అది కాదు బావా, అక్క ఉద్దేశం...” అని సర్దబోయాను.

“నువ్వు ఊరుకోరా,” అంది అక్క. “అదే నా ఉద్దేశం. ఆ గది పోతే నేను బతకలేనండీ. మీరు అక్కడ కూర్చుంటే ఎవరూ రావడం లేదు. అంతే.”

“అంత ఇబ్బంది పెట్టానా?”

“పెట్టారు.”

పందిరి కింద ఒక తేనెటీగ తిరుగుతోంది. తెంపేసిన పువ్వుల బకెట్ మీద వాలి, మళ్లీ లేచింది. బావ తలెత్తాడు.

“మరి నేనెక్కడ కూర్చోవాలి?”

సొంత ఇంట్లో, సొంత పెరట్లో, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అడిగాడు. అంతవరకూ ఆయన్ని చూసి లోలోపల నవ్వుకున్నవాణ్ణే, కాఫీగ్లాసు కింద పెట్టేశాను. చాలా బాధేసింది.

అక్కకీ వేసినట్టుంది. దగ్గరికి వచ్చింది. “గదిలోకే రండి. రావద్దని నేననలేదు. వచ్చినవాళ్లని ఆపొద్దు, వాళ్లనేమీ అడగొద్దు. నా పక్కన కూర్చుని నాతో మాట్లాడండి.”

బావ ఆలోచించాడు. నుదురు ముడిపడేంత ఆలోచించాడు.

“నీతో ఏం మాట్లాడాలి?” అన్నాడు.

వెటకారం కాదు, నిజంగా తెలియకే అడిగాడు. పెళ్లయిన నాటినుంచీ పొద్దున్నే ఆయన బస్సెక్కేవాడు, ఆమె మిషను ముందు కూర్చునేది. సాయంత్రం తిన్నారా అంటే తిన్నాననేవాడు. పిల్లలు ఎదిగి వాళ్ల దారిన వాళ్లు వెళ్లారు. పురుగులొచ్చాకే ఆ ఇంట్లో మొగుడూపెళ్లాలు రోజూ నాలుగు మాటలు అనుకున్నారు, అవీ పురుగుల గురించే.

“నాకూ తెలీదండీ,” అంది అక్క చివరికి.

ముందుగది తలుపు ఎవరో తట్టారు. మామూలుగా అయితే ఇద్దరిలో ఎవరో ఒకరు పరుగెత్తేవాళ్లు. ఇద్దరూ కదల్లేదు. నేను లేచి వెళ్లి, కాసేపాగి రమ్మని చెప్పి పంపించాను.